నేల కనిపిస్తే చాలు

ఇవాళ మన మాటలు ఒక చిన్న వస్తువు గురించి. బెడ్ లైటు గురించి. రాత్రి పడుకునేటప్పుడు అన్ని లైట్లూ ఆర్పేసి, ఒక్కటి మాత్రం వదిలేస్తాం చూడండి, అదే. సంతలో దొరుకుతుంది, బజారులో దొరుకుతుంది. ఎర్రవి, ఆకుపచ్చవి, నీలివి, తెల్లవి. పిల్లాడికి పువ్వు ఆకారం నచ్చుతుంది. మనకి ధర నచ్చుతుంది. తెచ్చేస్తాం, పెట్టేస్తాం. ఏ రంగుది తీసుకోవాలి, ఎంత ఎత్తులో పెట్టాలి, ఎంత వెలుగు చాలు అని మాత్రం ఎవరమూ అడగం.

అసలు రాత్రంతా లైటు ఎందుకండీ? ఇంట్లో పెద్దాయన ఉన్నారు, రాత్రి రెండు మూడు సార్లు లేవాలి. పాలు తాగే బిడ్డ ఉంది, అమ్మ లేవాలి. చీకటికి బెదిరే పిల్లాడు ఉన్నాడు, పక్కన అమ్మ ఉందని వాడికి తెలియాలి. నాలుగో కారణం మన మారేడుమిల్లి మన్యం వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలు కింద పెట్టే చోట తేలు ఉందో, జెర్రి ఉందో, పామే ఉందో తెలియాలి.

ఈ నాలుగింటికీ ఎంత వెలుగు కావాలంటారు? కాళ్ళ ముందు నేల కనిపించాలి. పక్క మీద మనిషి ఉన్నట్టు తెలియాలి. అంతే. గోడ మీద ఫొటోలు కనిపించక్కర్లేదు. అటక మీది బస్తా కనిపించక్కర్లేదు. నిద్రపోయేవాళ్ళ మొహం మీద వెలుగు పడటం అసలే అక్కర్లేదు. నేను ఇవాళ మళ్ళీ మళ్ళీ చెప్పబోయే మాట ఇదే. రాత్రి దీపం నేలకి. కళ్ళకి కాదు.

మన కొండరెడ్ల పాత ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. వెదురు తడికెకి మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. చలికాలం రాత్రి పొయ్యిలో నిప్పు ఆరనిచ్చేవారు కాదు. పడుకునేది దాని చుట్టూనే. ఆ నిప్పుల వెలుగు ఎలా ఉండేది? ఎర్రగా ఉండేది. నేల మీదే ఉండేది. కొంచెమే ఉండేది. ఆ వెలుగులో నిద్ర చెడదు. లేచిన మనిషికి గడప దాకా దారి మాత్రం తెలుస్తుంది. పొగ మంచిదని నేను అనట్లేదండోయ్. ఆ పొగకి కళ్ళు మండినవాళ్ళు, దగ్గుతో కుంగినవాళ్ళు ప్రతి గూడెంలోనూ ఉన్నారు. ఇప్పుడు పక్కా ఇళ్ళు వస్తున్నాయి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద కొండరెడ్ల లాంటి తెగల వాళ్ళకి ఇళ్ళు, కరెంటు కనెక్షన్లు ఇస్తున్నారు. పొగ పోతే సంతోషమే. కానీ పొయ్యి ఉన్న చోటికి తెల్లటి లైటు వచ్చింది. అది వచ్చి నెత్తి మీద, కప్పు దగ్గర కూర్చుంది. అక్కడే తప్పు జరుగుతోంది.

అందుకని కొట్లో బెడ్ లైటు చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కసారి ఆ పొయ్యిలో నిప్పుల్ని తలచుకోండి. ఎర్రగా, కిందగా, కొంచెంగా.

ముందు రంగు సంగతి చూద్దాం.

తెల్ల ఎల్‌ఈడీ లోపల పుట్టేది తెల్ల వెలుగు కాదు. నీలం వెలుగు. దాని మీద పసుపు పొడి పూత ఉంటుంది. కొంత నీలం ఆ పూతలో నుంచి అలాగే బయటికి వస్తుంది. కొంత పసుపుగా మారి వస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ రావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది. దాన్ని సాధించింది జపాన్‌లో పుట్టిన ముగ్గురు. అకసాకి, అమానో, నకామురా. 2014లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మన వీధి దీపాలు, మన సెల్‌ఫోను తెర, అన్నీ ఆ ముగ్గురి చలవే. వాళ్ళని తప్పు పట్టడానికి లేదు. ఆ నీలాన్ని పడకగదిలో తెల్లవార్లూ వెలిగించుకోమని వాళ్ళేమీ చెప్పలేదు.

నీలంతో ఇబ్బంది ఏమిటంటే, మన కంటి వెనక పొరలో కొన్ని ప్రత్యేకమైన కణాలు ఉన్నాయి. వస్తువుల్ని చూడటం వాటి ముఖ్యమైన పని కాదు. పగలా, రాత్రా అన్నది మెదడుకి చెప్పడమే వాటి పని. అవి ఎలా పనిచేస్తాయో 2002 ప్రాంతంలో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. నీలం వెలుగు తగిలితే ఆ కణాలు గట్టిగా స్పందిస్తాయి. పగలైందని మెదడుకి కబురు పంపుతాయి. నిద్రకి తోడ్పడే మెలటోనిన్ ఒంట్లో తగ్గిపోతుంది. ఎర్ర వెలుగుకి అవి అంతగా స్పందించవు.

మరి మన దగ్గర బాగా అమ్ముడుపోయే బెడ్ లైటు ఏ రంగుదో ఒకసారి చూసుకోండి. నీలం! చల్లగా ఉంటుందని అంటారు. చూడ్డానికి చల్లగానే ఉంటుంది, నిజమే. రాత్రి దీపానికి మాత్రం అన్ని రంగుల్లోకీ అదే పనికిరానిది. దాని తర్వాత పనికిరానిది ట్యూబ్‌లైటు తెలుపు.

పెద్ద ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద ఒక అంకె ఉంటుంది, పక్కన కె అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 2700 అని గానీ, 3000 అని గానీ ఉంటే పసుపు వెలుగు. 6500 అని ఉంటే తెల్ల వెలుగు. అంకె పెరిగిన కొద్దీ నీలం పెరుగుతుంది. ఇది గుర్తుంచుకుంటే చాలు. అంకె పెరిగిన కొద్దీ నీలం పెరుగుతుంది. చిన్న బెడ్ లైట్ల మీద చాలావాటికి ఈ అంకె ఉండదు. అప్పుడు మొహమాటం లేకుండా వెలిగించి చూపించమనండి. ఎర్రది, నారింజ రంగుది, తేనె రంగుది, ఈ మూడింట్లో ఏదైనా తెచ్చుకోండి.

ఎర్ర రంగుతో ఇంకో లాభం ఉంది. మన ఇళ్ళలో చాలామందికి మరుగుదొడ్డి ఇంటి బయట ఉంటుంది. రాత్రి రెండింటికి లేచి పెద్ద లైటు వేస్తారు. గది అంతా తెల్లగా అవుతుంది. తలుపు తీసుకుని బయట కాలు పెడతారు. ఏమీ కనపడదు! చీకటికి అలవాటు పడ్డ కన్ను ఆ తెల్ల వెలుగుకి చెదిరిపోయింది. మళ్ళీ పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు పడుతుంది. కంట్లో శుక్లం ఉన్న పెద్దవాళ్ళకి ఇంకా కష్టం. గుమ్మం దగ్గర పడిపోయేది, కాలు తప్పుగా వేసేది ఆ సమయంలోనే. ఎర్రటి మసక వెలుగులో లేచిన మనిషికి ఈ ఇబ్బంది తక్కువ.

బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం టార్చి కావాలి. దాని వెలుగు తెల్లగా, గట్టిగా ఉండాలి. బెడ్ లైటు ఉంది కదా అని టార్చి మానకండి. గడప బయట ఆ ఎర్రటి మసక వెలుగులో ఎండుపుల్లకీ పాముకీ తేడా తెలియదు. బెడ్ లైటు గడప లోపలికి, టార్చి గడప బయటికి.

గడప బయట అన్నాం కాబట్టి వసారాలో లైటు సంగతి కూడా మాట్లాడుకోవాలి. నాకు దీని మీద కొంచెం కోపం ఉంది, ముందే చెప్తున్నాను.

తొలకరి వాన పడ్డాక ఉసుళ్ళు లేస్తాయి. లైటు కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి వాటిని పట్టుకుంటారు, వేయించుకు తింటారు. అంటే పురుగు లైటు దగ్గరికి వస్తుందని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎందుకు వస్తుంది అన్నది మాత్రం ఈ మధ్యనే తేలింది. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వేగంగా తీసే కెమెరాలతో పురుగుల్ని చూశారు. పురుగు మనం అనుకున్నట్టు దీపం మీద మోజుతో రావట్లేదట. ఎగిరే పురుగు తన వీపుని ఎప్పుడూ వెలుగు వైపు తిప్పి ఉంచుతుంది. కోట్ల ఏళ్ళుగా రాత్రిపూట వెలుగు ఉన్నది పైన ఆకాశంలోనే. వీపు అటు ఉంటే తను తిన్నగా ఎగురుతున్నట్టు లెక్క. ఇప్పుడు పక్కన మన లైటు వెలుగుతోంది. వీపు దాని వైపు తిప్పుతుంది. దారి వంకర పోతుంది. అలా తిరుగుతూ తిరుగుతూ అక్కడే చిక్కుకుపోతుంది. వెలుగు కింద నుంచి పైకి కొడుతుంటే, వెల్లకిలా తిరిగి దబ్బున పడిపోతుంది కూడా.

తెల్ల లైటుకి, నీలం లైటుకి పురుగు ఎక్కువ చిక్కుతుంది. తేనె రంగు, ఎర్ర రంగు లైట్లకి తక్కువ. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత జరిగేది వినండి. తెల్లవార్లూ వసారాలో తెల్ల లైటు వెలుగుతుంది. పురుగు చేరుతుంది. పురుగు కోసం బల్లి, కప్ప చేరతాయి. కప్ప కోసం ఎవరు వస్తారు? పాముకి మన లైటుతో పని లేదు. కప్పతో పని ఉంది. పాములు రాకుండా లైటు వేశామని అనుకుంటాం. ఆ లైటు కిందే వాటికి మేత పోగుచేస్తున్నాం.

మన దగ్గర రాత్రి తిరిగే పాముల్లో కట్లపాము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేల మీద చాప వేసుకుని నిద్రపోయేవాళ్ళని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, కాటు గుర్తు కూడా సరిగ్గా కనపడదు. కాసేపటికి కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి. అప్పుడు మంత్రాల కోసం చూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఏ రంగు బెడ్ లైటూ కట్లపాముని ఆపదు. మంచం ఆపుతుంది. నాలుగు వైపులా పరుపు కిందకి దోపిన దోమతెర ఆపుతుంది. ఆ రెండూ లేని ఇంట్లో ముందు కొనాల్సింది అవి. లైటు తర్వాత.

మారేడుమిల్లి చుట్టుపక్కల పర్యాటకుల కోసం గదులు అద్దెకి ఇచ్చేవాళ్ళకి ఒక మాట. పుష్ప సినిమా షూటింగు ఇక్కడి అడవుల్లో జరిగాక మనవాళ్ళకీ కొత్త మోజు వచ్చింది. చెట్లకి లైట్లు, గేటుకి లైట్లు, వాగు ఒడ్డున కూడా లైట్లు. వచ్చినవాళ్ళు చీకటి చూడ్డానికే ఇంత ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చారండీ! లైట్లు వాళ్ళకి రాజమండ్రిలోనే కావలసినన్ని ఉన్నాయి. పైగా మిణుగురులు ఒకదాన్ని ఒకటి పిలుచుకునేది తమ మెరుపులతోనే. మన లైటు కింద వాటికి జత దొరకడం కష్టం. మెట్ల దగ్గర, మోకాలి కన్నా కింద, నేల వైపు తిరిగిన తేనె రంగు లైటు ఒకటి పెట్టండి. అతిథికి మెట్టు కనిపిస్తే చాలు.

ఇప్పుడు పిల్లల సంగతి. బెడ్ లైటు వేసి పడుకోబెడితే పిల్లలకి కళ్ళజోడు వస్తుందని కొందరు భయపెడతారు. ఈ మాట ఊరికే పుట్టలేదు. 1999లో నేచర్ పత్రికలో అమెరికా వైద్యులు అలాగే రాశారు. రెండేళ్ళ లోపు లైటు వెలుగులో పడుకున్న పిల్లల్లో దూరపు చూపు తగ్గినవాళ్ళు ఎక్కువ కనిపించారు. మరుసటి ఏడాదే వేరే బృందాలు మళ్ళీ పరీక్షించాయి. అలాంటి సంబంధం వాళ్ళకి కనపడలేదు. కళ్ళజోడు ఉన్న తల్లిదండ్రులే తమ అవసరానికి లైటు ఎక్కువగా వేసుకుంటున్నారని తేలింది. వాళ్ళ పిల్లలకి చూపు తగ్గడం వాళ్ళ నుంచి వచ్చినదే కావచ్చు. కాబట్టి అమ్మలూ, ఆ భయం వదిలేయండి. పెట్టుకోవలసిన భయం ఇంకోటి ఉంది. బొమ్మ ఆకారంలో వచ్చే కొన్ని లైట్లలో బొత్తాం అంత బ్యాటరీ ఉంటుంది. పిల్లాడు దాన్ని మింగితే అది గొంతులో ఇరుక్కుపోవచ్చు. రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. బ్యాటరీ మూత మరతో బిగించి ఉందో లేదో చూడండి. గోటితో ఊడి వచ్చే మూత అయితే ఆ లైటు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు.

రంగు తర్వాత ఎంత వెలుగు అన్నది చూద్దాం. కొంచెంగా అన్నాం. కొంచెం అంటే ఎంత?

వెలుగుని లక్సుల్లో కొలుస్తారు. 2022లో పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఒక సలహా ఇచ్చారు. నిద్రపోయేవాళ్ళ కంటి దగ్గర వెలుగు ఒక లక్సు దాటకుండా చూసుకోమన్నారు. పున్నమి వెన్నెల అందులో మూడో వంతు కూడా దాటదు. మనింట్లో లక్సు మీటర్లు ఉండవు కదా. ఇలా చూసుకోండి. బెడ్ లైటు వేసి, పది నిమిషాలు పడుకుని, గోడ క్యాలెండరు వైపు చూడండి. తేదీ పక్కన చిన్న అక్షరాల్లో తిథి చదవగలుగుతున్నారా? అయితే ఆ వెలుగు ఎక్కువైనట్టే.

అర వాటు ఎల్‌ఈడీ సరిపోతుంది. అర వాటు. పాత జీరో బల్బు పేరుకి జీరోయే గానీ, చాలావాటికి పన్నెండు, పదిహేను వాట్లు పడుతుంది. పదిహేను వాట్ల బల్బు రోజుకి పది గంటలు వెలిగితే నెలకి నాలుగున్నర యూనిట్లు. అర వాటు ఎల్‌ఈడీ ఏడాది పొడవునా అలాగే వెలిగినా రెండు యూనిట్లు కావు. మన గిరిజన కుటుంబాల్లో చాలామందికి నెలకి 200 యూనిట్ల దాకా రాయితీ ఉంది, మాకెందుకీ లెక్క అంటారేమో. బిల్లు కోసం కాదు లెండి. గాలివాన వస్తుంది, ఘాట్‌లో చెట్టు తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పటిదాకా సోలార్ దీపంలోనో, ఎమర్జెన్సీ లైటులోనో ఉన్న బ్యాటరీతోనే గడపాలి. అయిదు వాట్ల లైటు రెండు గంటల్లో తాగేసే కరెంటుతో అర వాటు లైటు ఇరవై గంటలు వెలుగుతుంది. ఎల్‌ఈడీ ధర కూడా ఇప్పుడు భయపడేంత లేదు. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బు 310 రూపాయలకి కొన్నది. 2016 కల్లా అది 38 రూపాయలకి దిగింది.

ఇక ఎక్కడ పెట్టాలి? కిందగా అన్నాం. ప్లగ్గులో గుచ్చే లైట్లు దానికోసమే తయారయ్యాయి. కానీ మన ఇళ్ళలో నేల దగ్గర ప్లగ్గు ఎక్కడుంది? గదికి ఒక్కటే స్విచ్ బోర్డు, అదీ ఛాతీ ఎత్తున. హోల్డరు ఇంకా పైన. కింద ప్లగ్గు కోసం గోడ మీద వైరు లాక్కురాకండి. వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి, పాకే పిల్లలు వేలు పెడతారు. దానికన్నా పై హోల్డరులోనే అర వాటు బల్బు పెట్టి, వెలుగుని కిందికి తిప్పుకోండి. బొంగు మనకి కొదవా? జానెడు బొంగు ముక్క కొయ్యండి. లోపల గణుపు తీసేయండి. రెండు వైపులా తెరిచే ఉంచండి. బల్బుకి తగలకుండా చుట్టూ తొడుగులా వేలాడదీయండి. వెలుగు గుండ్రంగా నేల మీద పడుతుంది, మొహాల మీద పడదు. ఈ తొడుగు అర వాటు ఎల్‌ఈడీకి మాత్రమే. పాత వేడి బల్బుకి వేస్తే కాలుతుంది. తొడిగేటప్పుడు మెయిన్ ఆపండి. గుడ్డ, కాగితం మాత్రం ఏ లైటుకీ చుట్టకండి.

మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైట్లు కూడా వస్తున్నాయి. ఒంటి వేడి కదలికని పట్టుకుని వెలుగుతాయి. మరుగుదొడ్డి దారికి బాగుంటాయి. పడకగదికి నేను వద్దంటాను. పక్క మీద దొర్లినప్పుడల్లా వెలుగుతుంటే నిద్ర ఎక్కడిది? బయట పెట్టినా కుక్కకి వెలుగుతుంది, కోడికి వెలుగుతుంది. ఇంకోటి, దోమల్ని చంపుతుందని చెప్పి అమ్మే నీలి లైటు. రాత్రంతా పటపటమని చప్పుడు వస్తుంది, దోమలు చస్తున్నాయని మనకి సంబరం. అందులో పడేవి చాలామటుకు వేరే పురుగులు. మలేరియా దోమ మన ఊపిరిని, ఒంటి వాసనని పట్టుకుని వస్తుంది. దానికి దోమతెరే మందు. ఆ నీలి లైటుని బెడ్ లైటుగా వాడితే నిద్రా పోతుంది, దోమా పోదు.

కొనేటప్పుడు పెట్టె మీద బీఐఎస్ గుర్తు చూడండి. దాని కింద ఆర్ అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. వెలిగించి, సెల్‌ఫోను కెమెరాలో లైటు వైపు చూడండి. తెర మీద నల్లటి చారలు గట్టిగా కదులుతుంటే ఆ లైటు రెపరెపలాడుతున్నట్టు. ఇంకోటి చూపించమనండి.

ఎర్రగా, కిందగా, కొంచెంగా. కొట్టువాడు నీలం లైటు బాగా పోతోందండీ అంటాడు. పోనివ్వండి, మీరు మాత్రం ఎర్రది అడగండి. దొరక్కపోతే పై వారం సంతకి తెప్పించమనండి.